ఆయుధపూజ నాడు చూపిన వరస

నూలు మిల్లు షెడ్డులోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు చెవులు మూసుకుంటారు. రామర్ మాత్రం ముప్పై మూడేళ్లుగా చెవుల మీదే బతికాడు. ఏ ఫ్రేము, అంటే నూలు వడికే యంత్రం, ఇంకెంతసేపట్లో నిండుతుందో మోత విని చెప్పేవాడు. చెబితే ఐదు నిమిషాలు అటూ ఇటూ, అంతే. సేత్తూరు నుంచి మొదటి బస్సు పట్టుకుని తమిళనాడులోని రాజపాళయంలో మిల్లు గేటు దాటిన రోజున అతనికి ఇరవై రెండేళ్లు. నూలుతో నిండిన బాబిన్లు లాగి ఖాళీవి గుచ్చే పని ఇచ్చారు. మిల్లులో దాన్ని డాఫింగ్ అంటారు. అక్కడి నుంచి మేస్త్రీగా, తర్వాత స్పిన్నింగ్ సూపర్‌వైజరుగా ఎదిగాడు. పదో తరగతి తప్పినవాడికి అంతకు మించి మెట్లు లేవు.

ఆ షెడ్డులో ఇరవై నాలుగు ఫ్రేములున్నాయి. ఒక్కోటి రెండున్నర, మూడు గంటలకొకసారి నిండుతుంది. నిండగానే ఆగుతుంది. ఆరుగురు ఆడవాళ్లు ట్రాలీ తోసుకొచ్చి బాబిన్లు మార్చేదాకా అది కదలదు. ఒక్క ఫ్రేము నిండితే చిక్కు లేదు. నాలుగు ఒకేసారి నిండినప్పుడే వస్తుంది తంటా. నాలుగూ వరసలో నిలబడి ఎదురుచూస్తుంటే ఆ ఆడవాళ్లు పరుగులు పెడతారు, మేస్త్రీ కేకలు పెడతాడు, మేనేజరు మేస్త్రీని తిడతాడు. ఆ తర్వాత ముప్పావుగంట ఒక్కటీ నిండదు. అప్పుడు కాస్త కూర్చుంటే, ఎందుకు కూర్చున్నారని మళ్లీ తిట్లు. ఈ తిట్లు తిన్నవాడూ రామరే, తిట్టినవాడూ రామరే.

అతని ఆలోచన వినడానికి చిన్నది. వరస పెరిగిన తర్వాత ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చడం కాదు, వరసే కట్టకుండా చూడటం. ప్రతి ఫ్రేమూ ఎప్పుడు నిండుతుందో ముందే లెక్కగట్టాలి. రెండు ఒకే వేళకు వస్తున్నాయంటే ఒకదాని వేగాన్ని గంట ముందు నుంచే పిసరంత తగ్గించాలి. అప్పుడు ఒకటి నిండి, దాని పని అయ్యాక రెండోది నిండుతుంది. ఆడవాళ్లు నడిచి వెళ్తారు, పరుగెత్తరు. కూతురు జీవిత ఇంజనీరింగు చదివి ఇంట్లో కూర్చునే ఏదో కంపెనీకి పని చేసేది. ఆమె పద్నాలుగు నెలల ఆదివారాలు ఖర్చుపెట్టి ప్రోగ్రాం రాసింది. ఫ్రేముల వేగం మార్చే ఇన్వర్టర్లకు తీగలు లాగి ఆ ప్రోగ్రాంతో కలిపింది రామర్. 2018 ఆఖరుకు షెడ్డులో ఫ్రేములు నిలబడి ఎదురుచూడటం దాదాపు పోయింది.

2019 ఫిబ్రవరిలో మధురైలో ఒక ఏజెంటు ద్వారా పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. తండ్రి పేరు, కూతురి పేరు పక్కపక్కన. మూడేళ్ల తర్వాత పేటెంటు ఆఫీసు దాన్ని కొట్టేసింది. మధ్యలో కోయంబత్తూరు కంపెనీ ఒకటి అచ్చంగా ఇదే పద్ధతిని మిల్లులకు అమ్మడం మొదలుపెట్టి, ఈ దరఖాస్తుకు అభ్యంతరం వేసింది. పనులను వరసలో పెట్టే కంప్యూటర్ ప్రోగ్రాం తప్ప ఇందులో ఏమీ లేదు, ఉత్త ప్రోగ్రాంకు చట్టం పేటెంటు ఇవ్వదు అని దాని వాదన. ఆఫీసరు సరేనన్నాడు.

ఆ కంపెనీలో అశోక్‌కుమార్ ఉన్నాడు. నలభై ఏళ్లవాడు, ఒకప్పుడు ఇదే మిల్లులో ఎలక్ట్రీషియను. రామర్‌కు ఇంకేమీ తెలియాల్సిన పని లేకపోయింది. అశోక్ దొంగ అని తేల్చేశాడు. టీకొట్టులో చెప్పాడు, పెళ్లి భోజనాల్లో చెప్పాడు, మారియమ్మన్ కోవెల వీధిలో ఎదురైన అశోక్ మేనమామకే చెప్పాడు.

"నీ అల్లుడు నా చెయ్యి నరుక్కుని పోయినాడు. నొప్పి కూడా తెలియకుండా నరికినాడు."

ఆ పెద్దాయన తల దించుకుని వెళ్లిపోయాడు. మరుసటి సంవత్సరం ఆయన పోతే చావుకు కూడా రామర్ వెళ్లలేదు.

పేటెంటు వస్తే ఏమొస్తుందని ఎవరైనా అడిగితే రామర్ సరిగ్గా జవాబు చెప్పలేకపోయేవాడు. ఇంకొక ఏడాదిలో రిటైరవుతాడు. ఆ షెడ్డులో ఒక పని తను కనిపెట్టాడని సర్కారు ముద్ర ఉన్న కాగితం ఒకటి చెప్పాలి, అంతే. అందుకే మద్రాసు హైకోర్టులో అప్పీలు వేశాడు.

వకీలు నివేదిత రాజపాళయంలో స్థిరపడిన తెలుగు రాజుల ఇంటి పిల్ల. ముప్పై నాలుగేళ్లుంటాయి. చెన్నైలో ఇలాంటి కేసులే చూస్తుంది. మాట మాత్రం ఇంకా ఊరి తెలుగే, 'మీదే' అనాల్సిన చోట తమిళంలోలా 'మీద దా' అంటుంది.

"ఇది గెలిచే కేసు అన్నా," అంది మొదటిసారి ఫోనులో. "ఉత్త ప్రోగ్రాం అయితే స్క్రీన్ మీద దా మార్పు ఉండాల. మీది ఇనుము మీద పని చేస్తుంది. ఫ్రేము వేగమే మారుతుంది. ఆఫీసరు దాన్ని చూడనే లేదు. మిల్లులో ఇది నిజంగా నడిచిందని రుజువు మాత్రం కావాల. ఫోటో గానీ వీడియో గానీ ఏమైనా ఉందా?"

ఉంది. రామర్ పెన్‌డ్రైవు జేబులో పెట్టుకుని రైలెక్కాడు. ఫోనులో పంపితే చాలని ఆమె చెప్పినా వినలేదు. ఆమె చూస్తున్నప్పుడు పక్కన ఉండాలనుకున్నాడు.

వీడియో పందొమ్మిది నిమిషాలు. నివేదిత తన టేబుల్ దగ్గర కూర్చుని చూడసాగింది. ఫ్రేములకు మామిడాకులు, అరటి పిలకలు కట్టి ఉన్నాయి. కంప్యూటర్ తెరకు గంధం, కుంకుమ బొట్లు. తెర పక్కన నల్లబల్ల. తెల్ల పంచె కట్టిన రామర్ సుద్దముక్కతో ఇరవై నాలుగు గీతలు గీసి, ఏది ఎప్పుడు నిండుతుంది, దేని వేగం ఎంత తగ్గించాలి, ఎందుకు తగ్గించాలి అని ఒక్కొక్కటే చెబుతున్నాడు. ఒకసారి తెలుగులో, ఒకసారి తమిళంలో. ఆ తర్వాత ఒక ఫ్రేమును నడిపి చూపించాడు. చుట్టూ జనం. చంకలో పిల్లలు, చేతుల్లో పొరి అనే మరమరాల పొట్లాలు.

నివేదిత వీడియో ఆపింది.

"ఇది ఎప్పుడన్నా?"

"ఆయుధపూజ అమ్మా. అక్టోబరు."

"ఏ అక్టోబరు?"

"రెండు వేల పద్దెనిమిది. మనం అప్లికేషన్ వేసింది ఫిబ్రవరిలో కదా, దానికి ముందు దా." అతని గొంతులో గర్వం. "అప్పటికే బాగా నడుస్తా ఉండింది. కొత్త పనిముట్టును పూజలో పెట్టకుండా వాడితే నిలవదు. నేను చేరినప్పటి నుంచి మిల్లులో అదే పద్ధతి. ఏది కొత్తగా వచ్చినా ఆ రోజు దా అందరి ముందూ పెట్టి చూపుతాము."

"ఈ జనమంతా ఎవరు?"

"మిల్లు వాళ్లు దా. వాళ్ల ఇంటివాళ్లు, చుట్టాలు, వీధిలో వాళ్లు. ఆ రోజు గేటు తీసే ఉంటుంది కదమ్మా. మీరూ చిన్నప్పుడు వచ్చింటారు."

ఆమె వచ్చింది. పొరి కూడా తిన్నది.

"మధురై ఏజెంటు మిమ్మల్ని అడగలేదా? దరఖాస్తుకు ముందు బయట ఎవరికైనా చూపినారా అని?"

"అడిగినాడు. లేదని చెప్పినాను. బయటివాళ్లకు ఎక్కడ చూపినాను? పూజలో పెట్టినాను."

నివేదిత మెల్లగా, మాట దాచకుండా చెప్పింది. దరఖాస్తు పెట్టకముందే కనిపెట్టినవాడే నలుగురి ముందు పెట్టి ఎలా చేయాలో విప్పి చెబితే, ఆ రోజు నుంచి అది నలుగురిదీ. చూసినవాడు చేసుకోవచ్చు. దానికిక పేటెంటు రాదు. ప్రభుత్వం ప్రకటించిన ఎగ్జిబిషన్లో చూపి ఉంటే ఏడాది గడువు ఉండేది.

"ఎగ్జిబిషన్‌కు ఉంది, పూజకు లేదా?"

"లేదన్నా."

"ఎవరు రాసినారు ఈ చట్టం?"

"రాసినవాళ్లు మిల్లు చూసి ఉండరు," అంది నివేదిత. అతను నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

ఆమె మళ్లీ వీడియో నడిపింది, ఇంకేమైనా ఉందేమోనని. పన్నెండో నిమిషంలో ముందు వరసలో నీలం చొక్కా మనిషి చెయ్యెత్తాడు. అన్నా, రెండు ఫ్రేముల్లో దేన్ని తగ్గించాలని ఎట్ల తేలుస్తావు అని అడిగాడు. రామర్ అతని భుజం మీద చెయ్యి వేసి నల్లబల్ల దగ్గరికి తీసుకుపోయాడు. మూడు నిమిషాలు ఓపికగా చెప్పాడు. అర్థమైందా అని రెండుసార్లు అడిగాడు. ఆ మనిషి అశోక్‌కుమార్.

ఈ వీడియోను రామర్ ఎన్నోసార్లు చూశాడు. చూసిన ప్రతిసారీ తనను తాను చూసుకున్నాడే తప్ప ఎదుట ఉన్నవాళ్లను చూడలేదు. ఇప్పుడు చూశాడు. వాడు దొంగిలించలేదు. పిలిచి నేర్పితే నేర్చుకున్నాడు.

"ఆ వీడియో కోర్టులో పెట్టలేను," అంది నివేదిత. "మిల్లు రికార్డులతో దా రుజువు చేస్తాను. కానీ ముందు ఎవరికీ చూపలేదని మీ చేత ప్రమాణపత్రం మాత్రం రాయించను. అడిగితే ఉన్నది చెప్పాల. ఆలోచించి చెప్పండి."

ఇంటికి వచ్చాక జీవిత వేరే మాట అంది.

"మనంగా చెప్పొద్దు నాయనా. ఐదేండ్ల ముందటి పూజ ఎవరికి గుర్తుంది? ఆ వీడియో ఎవరెవరి దగ్గర ఉంది?"

"నా దగ్గర. పాపాత్తి దగ్గర. తీసింది ఆమె ఫోనుతో దా."

"పోయి తీసేయమని చెప్పు."

రామర్ నిజం తప్ప మాట్లాడనివాడేమీ కాదు. ఇన్‌స్పెక్షను వచ్చిన రోజున, మనుషుల్లేక నిలిపిన ఫ్రేమును రిపేరులో ఉందని చెప్పినవాడే. మరునాడు మధ్యాహ్నం బండి తీసి తళవాయిపురం వెళ్లాడు. పాపాత్తి డాఫింగ్ జట్టులో పెద్దది. పద్దెనిమిదేళ్లుగా అతని కిందే పని. ఆ వారం ఆమెకు రెండో షిఫ్టు. వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది.

"పాపాత్తీ, ఆయుధపూజ వీడియో ఉంది కదా, పాతది. దాన్ని ఫోనులో నుంచి తీసేయాల."

"ఎందుకన్నా? బాగా దా ఉన్నావు దాంట్లో. మంత్రి మాదిరి మాట్లాడినావు."

"మంత్రులు అబద్ధాలు దా చెబుతారు."

"అందుకే నీది బాగుంది అంటాను." ఆమె చేతులు తుడుచుకుని ఫోను తెచ్చింది. "తీసేస్తే మాత్రం ఏమన్నా? ప్రతి ఆయుధపూజకూ ముక్కలు చేసి స్టేటస్‌లో పెడతాను కదా. నా పట్టుచీర ఉండేది దాంట్లో దా."

"ప్రతి ఏడాదా?"

"ఆమా. నువ్వు చూడలేదా? తిరుప్పూరులో మా అక్క వాళ్ల మిల్లు గ్రూపులో వేసింది. వాళ్ల మేనేజరు చూసి, ఈ ఆయన ఎవరు, ఇంత విడమరిచి చెబుతాడే అని అడిగినాడంట. మా ఊరు మేస్త్రీ అని అక్క పెద్దగా చెప్పుకునింది." ఆమె అతని ముఖం చూసి ఆగింది. "ఏమైందన్నా? తప్పా?"

"తప్పేమీ లేదు," అన్నాడు రామర్.

"తీసేయమంటావా, వద్దా?"

"ఉండనీ."

మిరపకాయల ఘాటుకు తుమ్ములు వచ్చాయి. ఆమె నీళ్లు ఇచ్చింది. తాగి, బండెక్కి, ఊరు దాటిన తర్వాత ఒక పక్కకు ఆపి నివేదితకు ఫోన్ చేశాడు.

"ఉన్నది చెప్పేయమ్మా. దాచేదానికి చోటు లేదు."

నివేదిత ఉన్నది రాసింది, రాసి గట్టిగానే పోరాడింది. అది మిల్లు లోపల జరిగిన పూజ, ప్రదర్శన కాదు. వచ్చినవాళ్లు మొక్కుకోవడానికి వచ్చారు, నేర్చుకోవడానికి కాదు. మొక్కుబడిగా బొట్టు పెట్టించుకున్న యంత్రాన్ని ప్రకటించినట్టు ఎలా లెక్కిస్తారు? 2024లో ఒక మంగళవారం ఉదయం విచారణ. తండ్రీ కూతుళ్లు ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని చూశారు. రామర్ షిఫ్టుకు సెలవు పెట్టాడు. ముప్పై మూడేళ్లలో అది అతని పదకొండో సెలవు.

మొదటి అరగంట అంతా బాగానే సాగింది. ఇన్వర్టర్లు, వేగాలు, ఫ్రేము రికార్డులు. జడ్జి కాగితాలు తిప్పుతూ, ఇది తెర మీది వరస కాదు, యంత్రం మీది వరస కదా అని కోయంబత్తూరు కంపెనీ వకీలునే అడిగాడు. జీవిత తండ్రి మోకాలు పట్టుకుంది.

అప్పుడు ఆ వకీలు, నివేదితే రాసి ఇచ్చిన పూజ సంగతి ఎత్తాడు. జడ్జి నివేదితను ఒకే ఒక ప్రశ్న అడిగాడు. ఆ రోజు గేటు దగ్గర ఎవరినైనా ఆపి వెనక్కి పంపారా?

నివేదిత మిల్లు రిజిస్టరు గురించి ఏదో మొదలుపెట్టింది. జడ్జి చెయ్యెత్తి ఆపాడు. తమిళనాడులో పుట్టిపెరిగిన మనిషి ఆయన. ఆయుధపూజ నాడు ఏ మిల్లూ, ఏ వర్క్‌షాపూ తలుపు దగ్గర మనిషిని ఆపదని తనకు తెలుసునన్నాడు. ఇంకెవరికీ దాని గురించి వివరించాల్సిన పని లేకపోయింది. వేరే రాష్ట్రపు జడ్జి అయ్యుంటే ఇంకో అరగంట పట్టేదేమో.

తీర్పు ఆరు వారాలకు వచ్చింది. నలభై ఒక్క పేజీలు. జీవిత చదివి తెలుగులో చెప్పింది. ముప్పై ఒకటో పేరాలో కోర్టు, పేటెంటు ఆఫీసు చెప్పింది తప్పు అంది. ఇది ఉత్త ప్రోగ్రాం కాదు, యంత్రాల పనితీరును మార్చిన అసలైన ఆవిష్కరణ అని రాసింది.

"అసలైన అనే ఉందా?" అన్నాడు రామర్.

"ఆమా నాయనా."

"ఇంకొకసారి చదువు."

ఆమె ఇంకోసారి చదివింది. తర్వాత ముప్పై నాలుగో పేరా చదివింది. కనిపెట్టినవాడు దాన్ని తన నోటితోనే, ఎవరైనా చేసుకోగలిగేంత స్పష్టంగా, దరఖాస్తుకు నాలుగు నెలల ముందు జనానికి చెప్పాడు. స్పష్టంగా అన్న మాట కింద కోర్టు గీత కూడా గీసింది. కేసును తిరిగి పేటెంటు ఆఫీసుకు పంపినా ప్రయోజనం లేదు. అప్పీలు కొట్టివేయడమైనది.

సుప్రీంకోర్టుకు పోవచ్చా అని రామర్ అడగలేదు. నివేదితే ఫోను చేసి, పోవచ్చు గానీ పోవద్దంది. అలా చెప్పడం ఆమెకు కష్టంగానే ఉంది. నేను ఇంకొంచెం బాగా చెప్పి ఉండాల్సింది అన్నా, అంది.

"మీరు బాగా దా చెప్పినారమ్మా. నేను దా ఇంకా బాగా చెప్పినాను."

ఆ తర్వాత ఒక పని మిగిలింది. అశోక్‌కుమార్ నంబరు సంపాదించి ఫోను చేశాడు. మూడుసార్లు చేసినా అతను ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏమనేవాడో రామర్‌కూ తెలియదు. నాలుగోసారి చేయలేదు. టీకొట్టులో అన్న మాటలను టీకొట్టులోనే వెనక్కి తీసుకోవాలనుకుని ఒక సాయంత్రం వెళ్లాడు. అక్కడ ఉన్నవాళ్లు ఎన్నికల గురించి మాట్లాడుకుంటున్నారు. టీ తాగి వచ్చేశాడు.

మిల్లు మేనేజరు ముకుంద్ మంచివాడే. పిలిపించి, కుర్చీ చూపించాడు.

"బాధపడొద్దు రామర్. ఒక విధంగా మనకూ మంచిదే. ఎవరి పర్మిషనూ అక్కరలేదు కదా ఇంక? రెండో యూనిట్‌లో కూడా వేసేద్దాము. కోయంబత్తూరు కంపెనీవాళ్లు సర్వీసుతో కలిపి ఇస్తామన్నారు. నువ్వు రిటైరైతే చూసేవాళ్లు కావాల కదా. వాళ్ల ఇంజనీరు సోమవారం వస్తుంది. నువ్వు కూడా ఉండు."

"సరి సార్."

ఇంజనీరు పేరు గాయత్రి. మర్యాద తెలిసిన పిల్ల. రెండో యూనిట్‌లో మూడు రోజులు తీగలు లాగించి, నాలుగో రోజు సిస్టం నడిపింది. పాపాత్తి జట్టును ఆ రోజు అక్కడికి పంపారు. మొదటి గంట బాగానే నడిచింది. రెండో గంటలో ఏడో ఫ్రేమూ, ఎనిమిదో ఫ్రేమూ ఒకేసారి నిండి ఆగాయి. తెర మీద మాత్రం ఎనిమిదికి ఇంకా పదకొండు నిమిషాలు ఉన్నట్టు చూపుతోంది.

గాయత్రి తెరనూ ఫ్రేమునూ మార్చి మార్చి చూసింది. రామర్ చేతులు వెనక్కి కట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. పొద్దున ఆ ఫ్రేము మోత వినగానే అతనికి సంగతి తెలిసింది. చెప్పలేదు.

"ఏమన్నా, కల్యాణం చూసేదానికి వచ్చినావా?" అంది పాపాత్తి ఏడో ఫ్రేము దగ్గర నుంచి, బాబిన్లు లాగుతూనే. "ఇట్లయితే సాయంత్రానికి మా కాళ్లు ఉండవు."

అతను గోడ వదిలి వచ్చాడు.

"ఎనిమిదిలో వేరే మోటారు వేసినారమ్మా, పోయిన ఏడాది మార్చినప్పుడు," అన్నాడు గాయత్రితో. "దాని పుల్లీ పెద్దది. మీ కంప్యూటర్‌కు ఇచ్చిన వేగం వేరు, అది తిరిగే వేగం వేరు. పది, పదమూడు కూడా అంతే. ప్రతి ఫ్రేముకూ మనిషి పోయి కొలిచి రాయాల. కాగితంలో ఉండేది నమ్మొద్దు."

గాయత్రి ఫోను తీసి అన్నీ రాసుకుంది. ఫ్రేము నంబర్లు మళ్లీ అడిగి సరిచూసుకుంది.

"థాంక్స్ అంకుల్. ఇది మా వాళ్లకెవరికీ తోచలేదు. నెక్స్ట్ అప్‌డేట్‌లో అన్ని మిల్లులకూ పెట్టేస్తాము."

"పెట్టండి," అన్నాడు రామర్.

ఎనిమిదో ఫ్రేము ఇంకా నిలబడే ఉంది. జట్టు దాని దగ్గరికి రావడానికి ఆరేడు నిమిషాలు పట్టేట్టుంది. అతను చొక్కా చేతులు మడిచి, ఒక ఖాళీ ట్రాలీ లాక్కుని, చివరి నుంచి బాబిన్లు తీయడం మొదలుపెట్టాడు.